మెహరౌలీ స్తంభము మొదలు ముద్రిత లోహము వఱకు

ఢిల్లీ నగరమున కాపురముండు తెలుగువారి యింటికి స్వస్థలమునుండి చుట్టములు వచ్చినచో, వారికి కుతుబ్ మీనారు చూపింపక పంపుట అరుదు. మీనారు ఎత్తును చూచి ఆశ్చర్యపడిన పిమ్మట అందఱును ఆ ప్రాంగణముననే యున్న యినుప స్తంభముకడకు పోవుదురు. పదునాఱు వందల యేండ్లుగా ఎండకును వానకును ఓర్చి, తుప్పు పట్టి నశింపక నిలిచినదని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఆ స్తంభమునందు అంతగా చెప్పుకొనబడని విశేషము మఱియొకటి గలదు. అది ఒక్క పోతలో పోసినది కాదు. చిన్న చిన్న యినుప ముద్దలను ఒకదానికొకటి అతికి, ముద్దవెంట ముద్దగా పెంచినది. లోహమును చేర్చుకొనుచు వస్తువును నిర్మించు ఈ భావము నేడు కొత్త రూపమున తిరిగివచ్చినది. కొలిమికి బదులు లేసరు కిరణమును, ముద్దకు బదులు లోహపు పొడియు వచ్చినవి. ఈ రెండింటి నడుమ, లోహము ఏల పగులును, ఎప్పుడు విఱుగును అను ప్రశ్నకు సమాధానము వెదకిన రెండు శతాబ్దముల చరిత్ర గలదు. ఆ చరిత్రలో తెలుగువారికిని పాలున్నది.

స్తంభముపై సంస్కృత శాసనము గుప్తకాలపు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నది. అందు కీర్తింపబడిన చంద్రుడను రాజు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. స్తంభము నిడివి సుమారు 7.2 మీటర్లు, బరువు 6 టన్నులకు పైబడును. ఇంగ్లండు దేశపు లోహశాస్త్రజ్ఞుడు సర్ రాబర్ట్ హాడ్‌ఫీల్డు 1912లో దాని తునుకను పరీక్షించి, అందు కర్బనము నూటికి 0.08 పాలును, భాస్వరము 0.114 పాలును ఉన్నవని తేల్చెను. భాస్వరపు ఆధిక్యమువలననే స్తంభముపై తుప్పును నిలువరించు పలుచని పొర యేర్పడినదని ఐ.ఐ.టి. కాన్పూరు ఆచార్యులు రామమూర్తి బాలసుబ్రమణ్యముగారు వివరించిరి.

నాటి కమ్మరులు ముద్దలను కొలిమిలో కాల్చి, సమ్మెటలతో మోది, ఒకదానిలో నొకటి కలియునట్లు చేసిరి. అయినను అతుకుల నడుమ లోహము పూర్తిగ కలియని సందులును, చిట్టెపు తునుకలును అక్కడక్కడ మిగిలిపోయినవి. ఇవి చాలవన్నట్లు, పదునెనిమిదవ శతాబ్దమున ఫిరంగిగుండు తగిలి స్తంభమునందు అడ్డముగ బీట యేర్పడినదని చెప్పుదురు. ఆ గాయము నేటికిని కనబడును. ఇన్ని లోపములున్నను స్తంభము విఱుగలేదు. దీనికి కమ్మరుల నేర్పు ఒక కారణము కాగా, రెండవ కారణము మిక్కిలి సామాన్యమైనది. ఆ స్తంభము మోయునది ముఖ్యముగ తన బరువునే. ఆ బరువు నిన్న ఎంతయో నేడును అంతయే. మాఱని భారముక్రింద లోపలి బీట సామాన్యముగ ఉన్నచోటనే యుండిపోవును. భారము పడుచు, తొలగుచు, మరల పడుచున్నప్పుడు మాత్రము కథ వేఱు.

ఇనుప తీగను చేతులతో లాగి తెంచుట బలవంతునికిని సాధ్యము కాదు. దానినే ఇటు నటు పదిసార్లు వంచినచో పసివాడును తెంచగలడు. లోహము ఒక్కసారి ఓర్చుకొను భారమును వేయిసార్లు ఓర్చుకొనలేదు. దీనినే లోహపు అలసట యందురు. ఇంగ్లండున బ్రైత్‌వెయిట్ అను ఇంజనీరు 1854లో తన వ్యాసమున వాడిన ఫటీగు అను మాటకు ఇది తెలుగు. మాట ఒకటే యైనను మనుష్యుని అలసటకును లోహపు అలసటకును భేదము గలదు. మనుష్యుడు నిద్రించి లేచినచో అలసట తీరును. లోహమునకు నెలదినముల అర్జితపు సెలవిచ్చినను, పెరిగిన పగులు తిరిగి పూడదు.

ఈ సంగతిని మొదట కనిపెట్టినవాడు జర్మనీలోని గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్టు. గనులనుండి ఖనిజమును పైకి లాగు ఇనుప గొలుసులు, మోయదగిన బరువునే మోయుచు, ఒకనాడు అకస్మాత్తుగ తెగుచుండుట చూచి, 1829లో ఆయన గొలుసులను పదేపదే బరువునకు లోనుచేసి పరీక్షించెను. కాని లోకము కన్ను తెఱచినది 1842 మే 8వ తేదీన. ఆనాడు ఫ్రాన్సులో వెర్సాయినుండి పారిసునకు పోవుచున్న రైలు ఇంజను ఇరుసు విఱిగి, వెనుకనున్న పెట్టెలు ఒకదానిపై నొకటి పడి, నిప్పంటుకొన్నవి. అప్పటి ఆచారముచొప్పున పెట్టెల తలుపులకు బయటినుండి తాళములు వేయబడియుండెను. యాభైమందికి పైగా సజీవదహనమైరి. మఱునాటివఱకు బలమైనదని యెంచబడిన ఇరుసు ఏల విఱిగినదను చర్చ యూరపు అంతట వ్యాపించెను. 1843లో స్కాట్లండు ఇంజనీరు రాంకిన్, విఱిగిన ఇరుసులందు పగులు అంచున మొదలై కొంచెము కొంచెముగ లోపలికి ప్రాకినదని చూపెను.

తరువాతివాడు జర్మను రైల్వే ఇంజనీరు ఆగస్టు వోలర్. 1850 తరువాత సుమారు రెండు దశాబ్దములు ఆయన ఇరుసులను త్రిప్పుచు, బరువులు మార్చుచు, ఏ బరువుక్రింద ఎన్ని లక్షల చుట్లకు ఇరుసు విఱుగునో లెక్కించెను. నేటికిని ఇంజనీరింగు కళాశాలలందు ఆయన పేర గీయు వక్రరేఖను విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. స్టేషనులో రైలు ఆగినంతనే ఒక ఉద్యోగి పొడుగు సుత్తితో చక్రములను తట్టుచు పోవు దృశ్యము వెనుకటి తరము ప్రయాణికులకు సుపరిచితము. పగులులేని చక్రము గంటవలె మ్రోగును. పగిలినది మంద్రముగ పలుకును. అప్పటికి పగులును కనుగొనుటకు చెవియే సాధనము. దాని వేగమును లెక్కించు శాస్త్రము ఇంకను పుట్టలేదు.

ఆ శాస్త్రము పుట్టుటకు మఱికొన్ని ప్రాణములు మూల్యమైనవి. 1952లో బ్రిటిషువారు కామెట్ అను జెట్ విమానమును ప్రయాణికుల సేవలో ప్రవేశపెట్టిరి. లోకమున ఇట్టి సేవకు ఇదియే మొదలు. 1953 మే 2వ తేదీన కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయమునుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ కొద్ది నిముషములకే గాలివానలో ముక్కలై, అందలి 43 మందియు మరణించిరి. విచారణ గాలివాన కుదుపులనే కారణముగ పేర్కొనెను. కాని 1954 జనవరి 10వ తేదీన ఇటలీ దేశపు ఎల్బాద్వీపము సమీపమున మఱియొక కామెట్ కూలి 35 మందియు, ఏప్రిల్ 8న నేపుల్సు సమీపమున ఇంకొకటి కూలి 21 మందియు మరణించిరి. ఈ రెండు దినములందు గాలివాన లేదు.

ఫార్న్‌బరోలోని రాజకీయ విమాన పరిశోధనశాలవారు ఒక కామెట్ విమానమును పెద్ద నీటితొట్టిలో నిలిపి, ఎగురునపుడు లోపల ఏర్పడు పీడనమును నీటితో కల్పించుచు, తగ్గించుచు పరీక్షించిరి. అంతకుముందు 1,221 ప్రయాణముల పీడనమును భరించిన ఆ విమానము తొట్టిలో మఱి 1,836 ఆవృత్తములకు పగిలిపోయెను. పగులు ద్వారపు మూలకడ, రివెట్టు రంధ్రము దాపున మొదలైనది. సముద్రగర్భమునుండి తీసిన శకలములును ఇదే కథ చెప్పినవి.

ఇందు మఱువరాని పాఠ మొకటి గలదు. నిర్మాతలు ముందుగ పరీక్షింపకపోలేదు. వారు పరీక్షించిన విమానపు ముక్క వేలకొలది ఆవృత్తములను తట్టుకొనెను. కాని ఆ ముక్కను అంతకు పూర్వమే వారు అధిక పీడనమునకు లోనుచేసియుండిరి. అందువలన మూలలయందలి లోహము స్వల్పముగ సాగి, నిజమైన విమానములకు లేని ఓర్పును సంపాదించెను. పరీక్షకు కూర్చున్నవాడొకడు, ఉద్యోగమున చేరినవాడు వేఱొకడు అయినట్లయినది. పరీక్షించిన లోహమును, పనిచేయు లోహమును ఒకటే కావలెనను నియమము ఆనాడు తెలిసివచ్చెను.

పగులును గణితమునకు లోబఱచిన ప్రయత్నము అంతకు మునుపే మొదలైనది. ఫార్న్‌బరోలోనే పనిచేసిన గ్రిఫిత్ 1921లో, వస్తువు బలమును నిర్ణయించునది అందలి పదార్థము మాత్రమే కాదు, అందున్న బీటల పొడవనియు తెలిపెను. 1957లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన ఇర్విన్, పగులు కొనయందు ఒత్తిడి ఎంత తీవ్రముగ నుండునో ఒకే సంఖ్యతో చెప్పు మార్గమును చూపెను. ఆ సంఖ్యను ఆధారము చేసికొని పాల్ పారిస్ అను యువకుడు పగులు పెరుగు వేగమును లెక్కించు సూత్రమును రచించెను. మూడు పత్రికలు ఆయన వ్యాసమును తిరస్కరింపగా, 1961లో అది ఒక విశ్వవిద్యాలయపు సొంత పత్రికలో వెలువడెను. 1963లో ఎర్డోగాన్‌తో కలిసి ప్రకటించిన వ్యాసముతో ఆ సూత్రము లోకప్రసిద్ధమయ్యెను.

సూత్రపు సారము సులభముగ చెప్పవచ్చును. పెక్కు లోహములందు పగులు వేగము, దాని కొనయందలి ఒత్తిడి తీవ్రతలో కలుగు మార్పునకు ఇంచుమించు మూడవ ఘాతముగ పెరుగును. భారము రెండింతలైనచో వేగము రెండింతలు కాదు, ఎనిమిదింతలగును. భారము మాఱకున్నను, పగులు పొడవు నాలుగింతలైనప్పుడు వేగము ఎనిమిదింతలగును. చక్రవడ్డీకి తెచ్చిన అప్పువలె పగులు చిరకాలము కంటికి ఆనకయుండి, కడపట ఒక్కుమ్మడిగ మీదపడును.

ఈ సూత్రము యంత్రభాగముల పాలనావిధానమునే మార్చివేసెను. పూర్వపు పద్ధతి ప్రభుత్వోద్యోగి పదవీవిరమణ వంటిది. ఇన్ని వేల ప్రయాణములు పూర్తికాగానే, ఆరోగ్యముగ నున్నను లేకున్నను, ఆ భాగమును తొలగింపవలెను. కొత్త పద్ధతి కాలానుగుణమైన వైద్యపరీక్ష వంటిది. ప్రతి భాగమునను పుట్టుకతోనే ఒక పగులున్నదని యెంచుదురు. అది కంటబడునంత పెద్దదగుటకును, ప్రమాదకరమగుటకును నడుమ ఎంత వ్యవధి గలదో లెక్కించి, అందు సగము గడువునకే పరీక్ష జరుపుట వాడుక. అప్పుడు ఒకసారి కన్ను తప్పినను రెండవసారి దొరకు అవకాశముండును. అమెరికా వాయుసేన 1974లోను, అచ్చటి పౌర విమానశాఖ 1978లోను ఈ పద్ధతిని నిబంధనలలో చేర్చెను. లోపములేని లోహమును కోరుట మాని, లోపపు వేగమును తెలిసికొనుటయే భద్రత యని ఇంజనీరులు గ్రహించిరి.

ఇచ్చటనే తెలుగువాని పేరు వినవచ్చును. సత్య ఎన్. అట్లూరిగారు 1945లో గుడివాడలో జన్మించిరి. కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1963లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టమును, అటుపిమ్మట బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలో ఉన్నత పట్టమును పొంది, అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1969లో డాక్టరేటు గడించిరి. పగుళ్లున్న నిర్మాణములను కంప్యూటరుతో లెక్కించు విద్యయందు ఆయన అగ్రగణ్యులైరి.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో ఎగురుచున్న బోయింగు విమానపు పైకప్పు చాలభాగము ఊడిపోయెను. ఒక పరిచారిక గాలిలో కొట్టుకొనిపోయి మరణించెను. విమానము దిగి, మిగిలినవారు బ్రతికి బయటపడుట అద్భుతము. ఆ విమానము అప్పటికి 89,680 ప్రయాణములు చేసియుండెను. అందు ప్రమాదమునకు కారణము ఒక పెద్ద పగులు కాదు. రివెట్ల వరుసవెంట పుట్టిన పెక్కు చిన్న పగుళ్లు ఒకదానితో నొకటి కలిసికొనుట. ఒంటరి పగులునకు చెప్పిన లెక్క వీనికి చాలదు. ఒకదాని పొరుగున మఱియొకటి యున్నప్పుడు రెండింటి వేగమును మాఱును. ముసలి విమానములందలి ఇట్టి పగుళ్ల గుంపులను లెక్కించు పద్ధతులపై, అమెరికా పౌర విమానశాఖ జార్జియా టెక్ విద్యాలయమున నెలకొల్పిన కేంద్రములో అట్లూరిగారు కృషి సాగించిరి. 2013లో భారత ప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 2023లో వారు పరమపదించిరి. గుడివాడలో పుట్టినవారి లెక్కలు లోకములోని విమానప్రయాణికుల క్షేమమునకు వినియోగపడినవనుట అతిశయోక్తి కాదు.

లోహముల అలసటను, పగుళ్లను పరిశోధించిన ఆంధ్రులలో పల్లె రామారావుగారును ప్రముఖులు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలకు సంచాలకులుగ పనిచేసి, 1991 నుండి 1995 వఱకు ఢిల్లీలో శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగ నుండిరి. పరిశోధనశాలను, సచివాలయమును రెండింటిని ఎఱిగిన వారు అరుదు.

పెక్కు చిన్న లోపములు కలిసి పెద్ద అపాయమగు ఆ సమస్యయే, నేటి ముద్రిత లోహమున మఱియొక రూపమున ఎదురగుచున్నది. 3డి ప్రింటింగు అని జనులు వ్యవహరించు ఈ విధానమున, వెండ్రుక మందముకంటె పలుచనైన లోహపు పొడి పొరను పఱచి, లేసరు కిరణముతో కావలసిన చోట మాత్రమే కరగించి, దానిపై మఱియొక పొర పఱతురు. వేలకొలది పొరలు పేర్చగా వస్తువు తయారగును. ఎంత చిక్కైన ఆకారమునైనను ఒకే ముక్కగ చేయవచ్చును. లోహము వృథా కాదు.

ఇస్రో సంస్థ పి.ఎస్.ఎల్.వి. నాల్గవ దశ ఇంజనును ఈ విధానమున తయారుచేయించి, 2024 మే 9న 665 సెకండులు మండించి పరీక్షించెను. అందు 14 భాగములు ఒక్కటైనవి. 19 అతుకులు తొలగిపోయినవి. పూర్వపు పద్ధతిలో 565 కిలోల లోహము పట్టుచోట 13.7 కిలోల పొడి సరిపోయెను. ఆ నెల 30వ తేదీన, ఒకే ముక్కగ ముద్రించిన ఇంజనుతో అగ్నికుల్ సంస్థవారి రాకెట్టు శ్రీహరికోటనుండి ఎగసెను. విమానములందును ఈ విధానము 2016 నాటికే ప్రవేశించెను. లీప్ అను జెట్ ఇంజనులో ఇంధనమును చిమ్ము గొట్టపుమొనను, పూర్వము సుమారు 20 ముక్కలుగ నుండినదానిని, ఒకే ముక్కగ ముద్రింతురు. ఢిల్లీ విమానాశ్రయమున దిగు ప్రయాణవిమానములు కొన్నింట ఈ ఇంజను గలదు.

ఇంత మేలున్నచోట జాగ్రత్త యేల? మెహరౌలీ కమ్మరికి ఎదురైన చిక్కే లేసరునకును ఎదురగును. కిరణపు వేడి తక్కువైనచో రెండు పొరలు పూర్తిగ కలియక నడుమ పలుచని సందు మిగులును. వేడి ఎక్కువైనచో లోహము ఉడికి, లోపల గుండ్రని బుడగ నిలిచిపోవును. సందు పొరల వెంబడి పఱచుకొని యుండుటవలన, పొరలను విడదీయు దిశగ భారము పడినప్పుడు అది వాడియైన పగులువలె పనిచేయును. వెనువెంటనే కరగి గడ్డకట్టుటచే లోహమునందు బిగువు నిలిచి, బయటి భారము లేకున్నను పగులును తెఱచుటకు తోడ్పడును. పైభాగపు గరుకుతనము కొత్త పగుళ్లకు పుట్టినిల్లగును. ఒకే యంత్రము, ఒకే పొడి ఉపయోగించినను, నిలువుగ ముద్రించిన ముక్కకును అడ్డముగ ముద్రించిన ముక్కకును ఆయువు వేఱుగ నుండవచ్చును. సమ్మెటదెబ్బలు తిన్న పాత లోహమునకు ఏర్పఱచిన పట్టికలను వీనికి యథాతథముగ వర్తింపజేయరాదు.

కావున ముద్రిత భాగమునకు జాతకము వ్రాయుటకు మూడు సంగతులు తెలియవలెను. లోపల అన్నింటికంటె పెద్ద లోపమెంత, అది పైభాగమునకు ఎంత దగ్గఱ యను నది మొదటిది. ఎక్సురే కిరణములతో ముక్కను అన్నివైపులనుండి చిత్రించి దీనిని కనుగొందురు. లోపపు వైశాల్యపు వర్గమూలమునుబట్టి లోహపు ఓర్పును అంచనా కట్టవచ్చునని జపాను శాస్త్రజ్ఞుడు మురకామి చూపిన మార్గము ఇచ్చట మిక్కిలి ఉపకరించుచున్నది. లోపల నిలిచిన బిగువెంత యనునది రెండవది. ఏ దిశలో పగులు ఎంత వేగముగ ప్రాకుననునది మూడవది. అందును అతి చిన్న పగుళ్లు పారిస్ సూత్రము చెప్పినదానికంటె వేగముగ ప్రాకుట కలదు. ముద్రిత లోహపు ఆయువులో ఎక్కువభాగము ఆ చిన్ననాటి దశలోనే గడచును. వేడిలో అధిక పీడనముతో నొక్కి లోపలి బుడగలను మూయు చికిత్స గలదు. కాని పైకి తెఱచుకొనియున్న సందులు దానికి లొంగవు.

రాకెట్టు ఇంజను పనిచేయునది నిముషములు. విమానపు రెక్కయు, రైలు ఇరుసును పనిచేయునవి సంవత్సరములు. మొదటిదానియందు గెలిచిన పద్ధతి రెండవదానియందును గెలుచునని భావించుట తొందరపాటు. 2021లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రకటించిన ప్రమాణము, విఱిగినచో కలుగు హానినిబట్టి ముద్రిత భాగములను తరగతులుగ విభజించి, పై తరగతికి కఠినతరమైన పరీక్షలు విధించెను. 2022 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము ఈ పరిశ్రమకై జాతీయ విధానమును ఢిల్లీలో ప్రకటించి, ప్రపంచ విపణిలో నూటికి 5 పాళ్లు సంపాదించుట లక్ష్యముగ చెప్పెను. దీనికై జాతీయకేంద్రము హైదరాబాదులో నెలకొన్నది. అచ్చటి పరిశోధనశాలలందు ముద్రిత లోహములపై కృషి సాగుచున్నది.

విపణిలో పాలు సంపాదించుట మంచిదే. కాని ముద్రించు యంత్రమును ఒక్కనాడు కొనవచ్చును. పగులు వేగపు పట్టికను కొనుటకు వీలులేదు. అది ఏండ్లతరబడి ముక్కలను విఱిచి, విఱిచి సంపాదింపవలసినది. ముద్రించుటలో మిగిలిన ధనమును కొంత పరీక్షించుటలో వెచ్చింపక తప్పదు. ప్రతి ఉద్యోగికి సర్వీసు రిజిష్టరున్నట్లు, ప్రతి ముద్రిత భాగమునకును అది ఏ పొడినుండి, ఏ యంత్రమున, ఏ దిశలో పుట్టెనో, ఎన్నడు పరీక్షింపబడెనో తెలుపు పుస్తకముండవలెను. ఆ పుస్తకము సరిగ వ్రాయబడినదా లేదా అని చూచుట శాస్త్రజ్ఞుని విధి మాత్రమే కాదు. కొనుగోలు కాగితముపై సంతకము చేయు అధికారి విధియు నగును. వేసవి సెలవులలో పిల్లలతో స్వస్థలమునకు రైలెక్కు కుటుంబము, విమానమెక్కు కుటుంబము ఆ పుస్తకమును ఎన్నడును చూడదు. దానిని నమ్మియే ప్రయాణము చేయును.